తెలుగు అక్షరాలు కటింగ్ మెషీన్‌లో ముక్కలైపోతున్నాయి, పెళ్ళి బోర్డు ఆర్డర్ ఉంది, సాయం చేయండి

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి, ఒడిశా)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో ఇంట్లోనే పెళ్ళిళ్ళకీ సీమంతాలకీ అన్నప్రాశనలకీ పేపర్ డెకరేషన్ చేస్తుంటాను. ఇన్నాళ్ళూ కత్తెర, బ్లేడు పట్టుకుని చేత్తోనే కోశాను. రెండు నెలల కిందట మా చిన్నాన్న కూతురు విదేశం వెళ్ళిపోతూ తన కటింగ్ మెషీన్ నాకిచ్చేసింది, 12 అంగుళాల మ్యాట్ (కాగితం అంటించి లోపలికి పంపే జిగురు పలక) పట్టే రకం. పువ్వులు, కలశాలు, ఏనుగులు చక్కగా కోస్తోంది. నేను చేత్తో గంట కూర్చుని కోసే తామరపువ్వు నాలుగు నిమిషాల్లో వచ్చేస్తుంటే మొదటిరోజు పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించాను.

ఇబ్బందల్లా తెలుగు అక్షరాలతోనే. ముందు కటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే నేరుగా టైప్ చేశాను, ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకి వచ్చి పడ్డాయి, శ్రీ అనేది శకీ రకీ మధ్య పొల్లు పెట్టినట్టు కనిపించింది. తెలిసిన అబ్బాయి ఎస్‌వీజీ అని గీతల బొమ్మ ఫైల్ చేసిచ్చాడు, అది తెరుచుకోలేదు. మళ్ళీ డీఎక్స్ఎఫ్ అని ఇంకోటి ఇచ్చాడు. అది తెరుచుకుంది, స్క్రీన్ మీద అక్షరాలు కూడా సరిగ్గానే ఉన్నాయి, సంతోషపడి ఎర్ర గ్లిట్టర్ షీట్ పెట్టి కోశాను. మ్యాట్ మీద నుంచి తీస్తుంటే చూసుకోవాలి. కొమ్ము వచ్చి అక్షరాన్ని తాకే చోటల్లా బ్లేడు అడ్డంగా కోసేసింది, ప్రతి అతుకు దగ్గరా చింతాకంత ముక్క ఊడి వచ్చింది. స్తు లో స మీది తలకట్టు ఒకటి, ఒళ్ళు ఒకటి, కొమ్ము ఒకటి, కింద తవత్తు ఒకటి, మధ్యలో ఆ చింతాకులు రెండు. ఒక్క అక్షరానికి ఆరు ముక్కలు. మూడు షీట్లు పాడయ్యాయి.

ఆర్డర్ ఏమిటంటే పెళ్ళికూతురు వాళ్ళది పాతపట్నం, తెలుగువాళ్ళు. పెళ్ళికొడుకు వాళ్ళు మా ఊరే, ఒడియావాళ్ళు. మండపం గుమ్మానికి రెండువైపులా రెండు బోర్డులు అడిగారు, ఒకవైపు తెలుగులో శ్రీరస్తు శుభమస్తు, రెండోవైపు ఒడియాలో శుభ బిబాహ. అమ్మాయి నాయనమ్మగారికి తెలుగు తప్ప ఇంకో లిపి రాదు, ఆవిడ ప్రత్యేకంగా ఫోన్ చేయించి ఒత్తులు సరిగ్గా ఉండాలమ్మా అని చెప్పించారు. ఇంకా మూడు వారాలు టైముంది. చేత్తో కోసి ఇచ్చేయగలను, కానీ ఈసారి మెషీన్ మీదే చేయాలని నాకు గట్టిగా ఉంది. పెద్ద టెన్షన్‌గా ఉంది, దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

రేడియం_కటింగ్ (బరంపురం)

అమ్మా, కంగారు పడకండి, మెషీన్‌లో లోపం లేదు, ఆ అబ్బాయి చేసిచ్చిన ఫైల్‌లో ఒక మెట్టు మిగిలిపోయింది అంతే. ఇరవై ఏళ్ళుగా బండ్ల మీద, షాపు అద్దాల మీద రేడియం స్టిక్కర్లు కోసే పనిలో ఉన్నాను, తెలుగు ఒడియా హిందీ మూడూ కోస్తాను, ఈ చింతాకు ముక్కలు మొదట్లో నాకూ వచ్చాయి.

విషయం ఏమిటంటే ఫాంట్‌లో తెలుగు అక్షరం ఒకే బొమ్మగా ఉండదు. స ఒక బొమ్మ, కొమ్ము ఒక బొమ్మ, తవత్తు ఒక బొమ్మ, వీటిని ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కించి పెడతారు. కాగితం మీద ప్రింట్ తీస్తే నలుపు మీద నలుపు కాబట్టి కంటికి ఒకటిగా కనిపిస్తుంది. బ్లేడుకి నలుపు తెలుపు తెలియదు, దానికి తెలిసింది అంచు గీత మాత్రమే, ఏ బొమ్మ అంచు ఉంటే ఆ అంచు వెంట పోతుంది. స అంచు చుట్టూ తిరిగి, కొమ్ము అంచు చుట్టూ తిరిగి, రెండూ ఎక్కిన చోట రెండుసార్లు కోస్తుంది. మీకు రాలిన చింతాకు ఆ ఎక్కిన భాగమే. కాబట్టి కోతకి పంపే ముందు వాటన్నిటినీ కరిగించి ఒకే అంచుగా చేయాలి. కోరల్‌డ్రాలో, కటింగ్ సాఫ్ట్‌వేర్లలో దీన్ని వెల్డ్ అంటారు, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో యూనియన్ అంటారు. పని ఒక్కటే.

తెలుగు టైపింగ్ మాత్రం ఇంక్‌స్కేప్‌లోనే చేయండి. ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. మన లిపుల్లో ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టి పెట్టే ఏర్పాటు అందులో ఉంది, హార్ఫ్‌బజ్ అంటారు దాన్ని, అందుకే శ్రీ విరగదు. తెలుగు కీబోర్డుతో టైప్ చేయండి, యూనికోడ్ ఫాంట్ (ఫోన్లలో, కంప్యూటర్లలో ఇప్పుడు అందరూ వాడే రకం) పెట్టండి, బోర్డుకైతే రామభద్ర మంచిది, గీత బాగా లావు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, వ్యాపారానికి వాడినా అభ్యంతరం లేని లైసెన్స్. సైజు సరిచూసుకున్నాక ఆ టెక్స్ట్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి, ఎందుకంటే తర్వాతి మెట్టు దాటాక అక్షరం మార్చడం కుదరదు. ఇప్పుడు కంట్రోల్ షిఫ్ట్ సి కొడితే టెక్స్ట్ గీతలుగా మారుతుంది, కంట్రోల్ షిఫ్ట్ జి కొడితే గ్రూప్ విడిపోతుంది, అన్నీ ఎంచుకుని కంట్రోల్ ప్లస్ కొడితే యూనియన్. అయిందో లేదో చూడాలంటే కంట్రోల్ 5 నొక్కండి, రంగులు పోయి ఉత్త గీతలు మిగులుతాయి, మెషీన్ చూసేది అదే. అక్షరం కడుపులో ఎక్కడైనా అడ్డగీత కనిపించిందంటే అక్కడ బ్లేడు దిగుతుంది, అది పోయేదాకా కోయొద్దు.

ఎస్‌వీజీ ఎందుకు తెరుచుకోలేదంటే, మీది సిల్హౌట్ కంపెనీ మెషీన్ అయితే దాని సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా వచ్చే బేసిక్ ఎడిషన్ బయటి ఎస్‌వీజీ తీసుకోదు, దానికి డిజైనర్ ఎడిషన్ కొనుక్కోవాలి. డీఎక్స్ఎఫ్, పీఎన్‌జీ బేసిక్‌లోనే తెరుచుకుంటాయి. ఇంక్‌స్కేప్‌లో సేవ్ యాజ్‌కి వెళ్ళి డెస్క్‌టాప్ కటింగ్ ప్లాటర్ అని ఉన్న డీఎక్స్ఎఫ్ ఎంచుకోండి, యూనిట్ అడిగితే మిల్లీమీటర్లు పెట్టండి. క్రికట్ కంపెనీ మెషీన్ అయితే ఎస్‌వీజీ ఉచితంగానే తీసుకుంటుంది, ఈ గొడవ లేదు.

కుంభం_అంచు (బరంపురం)

అప్పా, రేడియం అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం, కానీ యూనియన్ కొట్టాక కూడా నీకు ఒక చిక్కు మిగులుతుంది. స, ప, ష, హ వీటి మీద తలకట్టు అక్షరానికి తగలకుండా విడిగా ఉంటుంది కదా, కింద ఒత్తులు కూడా చాలా ఫాంట్లలో గాలిలోనే ఉంటాయి, సున్నా అయితే ఎప్పుడూ విడే. తగలని వాటిని యూనియన్ అతకదు. స్టిక్కర్ అయితే ట్రాన్స్‌ఫర్ టేప్ అన్నిటినీ ఒకేసారి ఎత్తి తీసుకెళ్తుంది కాబట్టి బాధ లేదు, కాగితానికి ఆ దారి లేదు, ప్రతి ముక్కా నువ్వే పెట్టాలి.

నేను క్రికట్ వాడతాను, మొదటిసారి ఏమైందంటే ముక్కలన్నిటినీ అటాచ్ చేయడం (ఉన్న చోటే కట్టి ఉంచడం) మరిచిపోయాను, అటాచ్ చేయకపోతే షీట్ ఆదా కోసం ముక్కలని మ్యాట్ మీద దగ్గర దగ్గరగా సర్దేస్తుంది, ఆ సర్దుడులో నా తలకట్లన్నీ ఒక మూలకి, ఒత్తులన్నీ ఇంకో మూలకి పోయాయి. ఏ ఒత్తు ఏ అక్షరందో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. నీ మెషీన్ ఏదైనా కోసే ముందు స్క్రీన్ మీద మ్యాట్ బొమ్మ ఒకసారి చూసుకో.

నేనిప్పుడు చేసే పద్ధతి చెప్తాను. యూనియన్ అయిన అక్షరాలకి ఒక కాపీ తీసి, దాన్ని చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు లావు చేస్తాను, ఇంక్‌స్కేప్‌లో ఔట్‌సెట్ అని ఉంటుంది, కటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఆఫ్‌సెట్ అంటారు. అలా లావు చేస్తే తలకట్టు, ఒళ్ళు, ఒత్తు అన్నీ ఉబ్బి ఒకదానికొకటి తగులుకుని మొత్తం మాట ఒకే అట్టలా వస్తుంది. దాన్ని బంగారు రంగు మందపాటి కార్డులో (300 జీఎస్ఎం) కోస్తాను. అసలు అక్షరాలు ఎర్ర షీట్‌లో కోసి దాని మీద అంటిస్తాను.

అంటించేటప్పుడే అసలు కిటుకు. ఎర్ర షీట్‌లోంచి అక్షరాలు ఊడదీశాక మిగిలిన కన్నాల షీట్ పారేయకు అప్పా. దాన్ని తీసుకెళ్ళి బంగారు అట్ట మీద పరిచి నాలుగు మూలలా పేపర్ టేప్ వేసెయ్. ఇప్పుడు ఒక్కో ముక్కకి వెనక కాస్త జిగురు రాసి దాని కన్నంలో దాన్ని దించు. తలకట్టు తలకట్టు కన్నంలోనే పడుతుంది, తవత్తు తవత్తు కన్నంలోనే పడుతుంది, ఇంకెక్కడా పట్టదు. పట్టకారుతో పెడితే ఇంకా నీట్‌గా వస్తుంది. అన్నీ పెట్టాక టేప్ తీసి షీట్ ఎత్తేస్తే ఒత్తులు ప్రింట్‌లో ఉన్నట్టే, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా కూర్చుంటాయి.

గుణుపురం_డీటీపీ

అందరూ యూనికోడ్ అంటున్నారు కానీ అందమైన తెలుగు అక్షరం కావాలంటే అను ఫాంట్లు (డీటీపీ షాపుల్లో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) వాడండి. పెళ్ళి శుభలేఖల మీద మనం చిన్నప్పటి నుంచి చూసిన అక్షరం అదే, శ్రీకారం ఒక్కటే ఎన్ని రకాలుగా ఉంటుందో. అందులో ఒత్తులకి, గుడులకి వేరువేరు కీలు ఉంటాయి, మనమే పెట్టుకుంటాం, సాఫ్ట్‌వేర్ విరగ్గొడుతుందన్న భయం లేదు. కోరల్‌డ్రాలో కొట్టి, కంట్రోల్ క్యూతో కర్వ్‌లు చేసి, వెల్డ్ చేసి ఇచ్చేస్తాం. మీ ఊళ్ళో ఏ డీటీపీ వాళ్ళని అడిగినా పది నిమిషాల పని.

రేడియం_కటింగ్

గుణుపురం వారితో ఒక సగం ఒప్పుకుంటాను. అను అక్షరాల అందం నాకూ ఇష్టమే, షాపులో నేనూ వాడతాను. కానీ ఈ అమ్మాయి ఇంట్లో స్వయంగా నేర్చుకుంటోంది, ఫాంట్లు కొనాలి, కోరల్‌డ్రా కొనాలి, ఆ కీబోర్డు నేర్చుకోవాలి. పైగా అందులో చేసిన ఫైల్ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. ప్రతిసారీ ఇంకొకరి షాపు ముందు నిలబడటం కంటే ఇంట్లో యూనికోడ్‌తో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. ఒడియా బోర్డు కూడా అదే ఇంక్‌స్కేప్‌లో అదే మూడు మెట్లతో అయిపోతుంది, నోటో సాన్స్ ఒరియా ఫాంట్ పెట్టుకుంటే చాలు.

మహేంద్రతనయ_ఒడ్డు

ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను, కంట్రోల్ 5 నొక్కి చూస్తే నా పాత ఫైల్‌లో అక్షరాల కడుపుల నిండా గీతలే. యూనియన్ కొట్టగానే అవన్నీ ఒక్క దెబ్బకి మాయమయ్యాయి. మూడు షీట్లు ఎందుకు పోయాయో అప్పుడు అర్థమైంది. మా చెల్లి అప్పట్లో డిజైనర్ ఎడిషన్ కొనే ఉందట, ఆ లైసెన్స్ కోడ్ మెయిల్‌లో పంపింది, ఇప్పుడు ఎస్‌వీజీ కూడా తెరుచుకుంటోంది.

ఒక్క సందేహం మిగిలింది. ఇంక్‌స్కేప్‌లో 6 అంగుళాల ఎత్తు పెట్టుకున్న మాట కటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే 8 అంగుళాలు చూపిస్తోంది. నేనేమైనా తప్పు చేశానా?

రేడియం_కటింగ్

తప్పేం లేదమ్మా. ఎస్‌వీజీలో కొలతలు తరచుగా పిక్సెళ్ళలో ఉంటాయి, అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు అన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా పట్టుకుంటుంది. ఇంక్‌స్కేప్ లెక్క 96, 2017లో వచ్చిన 0.92 నుంచి అంతే, అంతకుముందు 90 ఉండేది. ఇల్లస్ట్రేటర్ లాంటివి 72 లెక్క పెడతాయి. 96 లెక్కన చేసిన బొమ్మని 72 లెక్కన చదివితే 6 అంగుళాలు సరిగ్గా 8 అవుతుంది, మీది అదే.

నేను చేసే పని చెప్తాను, ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పనికొస్తుంది. డిజైన్ పక్కన 100 మిల్లీమీటర్ల చతురస్రం ఒకటి గీసి దానితో పాటే సేవ్ చేస్తాను. అవతల తెరిచాక ఆ చతురస్రం 133 చూపిస్తే రెండింటినీ కలిపి ఎంచుకుని, కొలతల గడి పక్కన తాళం గుర్తు వేసి, చతురస్రం 100కి వచ్చేదాకా తగ్గిస్తాను. తర్వాత చతురస్రం తీసేసి కోస్తాను. స్కేలు పెట్టి కొలిచినా తేడా రాదు.

ఇంకో మాట. అక్షరం చిన్నదైతే రవత్తు తోక సన్నబడిపోతుంది. గ్లిట్టర్ షీట్‌లో రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నని గీత మ్యాట్ మీంచి తీసేటప్పుడు తెగుతుంది, కాబట్టి మొత్తం మాట కోసే ముందు ఆ ఒక్క శ్రీ ని చిన్న ముక్కలో కోసి చూడండి. తీసేటప్పుడు కాగితాన్ని పైకి లాగకుండా మ్యాట్‌ని బోర్లించి మ్యాట్‌నే వెనక్కి వంచండి, అక్షరం ముడత పడదు.

జయపురం_టీచర్

నాదో చిన్న అనుభవం, ఎవరికైనా పనికొస్తుందేమోనని. మా బడి గోడల మీద తెలుగులో, ఒడియాలో మాటలు రాయడానికి పాత ఓహెచ్‌పీ షీట్లలో (పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు) స్టెన్సిల్ కోస్తాను. స్టెన్సిల్‌కి పైన చెప్పిందంతా తిరగబడుతుంది, అక్కడ అక్షరం కన్నం అవుతుంది, సున్నా కోస్తే నడుమ గుండ్రం ఊడి చేతికి వచ్చేస్తుంది, రంగు వేస్తే సున్నా బదులు చుక్క పడుతుంది. కాబట్టి లోపల మూతపడిన గది ఉన్న ప్రతి అక్షరానికీ రెండు సన్నని వంతెనలు పెట్టాలి. ఇంక్‌స్కేప్‌లో మూడు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ గీసి అక్షరం మీద పెట్టి డిఫరెన్స్ (పైనున్న ఆకారం మేర కిందిదాన్ని తీసేసే ఆదేశం) కొడితే సరిపోతుంది. ఒడియాలో మూసుకుపోయిన గుండ్రాలు ఎక్కువ, దానికి ఓపిగ్గా ఒక్కో అక్షరం చూసుకోవాలి.

పర్లాకిమిడి అమ్మాయికి ఒక మాట. మీ ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేశారు, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని అక్కడి నుంచే పోరాడారు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినం చేసుకుంటున్నాం. గిడుగు పేరుతో ఒక ఉచిత ఫాంట్ కూడా ఉంది. ఆ ఊరి గుమ్మం మీద ఒత్తు తప్పకుండా తెలుగు ఉండాలని మీరు పడుతున్న తపన చూసి నాకు చాలా ఆనందంగా ఉంది.

మహేంద్రతనయ_ఒడ్డు

మొన్న పెళ్ళయింది, ఇప్పటికి తీరిక దొరికి రాస్తున్నాను.

అక్షరాలు రామభద్రలోనే పెట్టాను, వెనక అట్ట బంగారు రంగు, ఔట్‌సెట్ 5 మిల్లీమీటర్లు. చుట్టూ అంచుకి బరంపురం పట్టుచీర మీద ఉండే కుంభాల వరస గీసుకున్నాను, అవి గుడి శిఖరంలా మొన తేలిన కోణాలే కాబట్టి ఇంక్‌స్కేప్‌లో ఒకటి గీసి కాపీలు పెట్టేస్తే అయిపోయింది, రెండు బోర్డులకీ అదే అంచు కాబట్టి రెండు లిపులూ ఒక ఇంటివాళ్ళలా కనిపించాయి. కన్నాల షీట్ కిటుకుతో శ్రీరస్తు అంతా అంటించడానికి అరగంట పట్టింది, ఒక్క ఒత్తు కూడా పక్కకి పోలేదు. కుంభం చెల్లీ, ఆ ఒక్క మాటకి నీకు ఎంత రుణపడ్డానో. ఒడియా బోర్డులో రెండు అక్షరాలు మొదటిసారి చిరిగాయి, గీత సన్నగా ఉంది, బోల్డ్ పెట్టి మళ్ళీ కోశాను. మధ్యలో ఒకసారి కరెంటు పోయి సగం కోసిన షీట్ ఆగిపోయింది, దాన్ని కొనసాగించడం నాకు చేతకాలేదు, కొత్త షీట్ పెట్టాను. ఇంటి ఇన్వర్టర్ లైన్ మెషీన్ దగ్గరకి లాగించుకోవాలి.

నాయనమ్మగారు మండపంలోకి వస్తూ గుమ్మం దగ్గర ఆగారు. కళ్ళజోడు సవరించుకుని, శ్రీ దగ్గర వేలు పెట్టి రవత్తు వెంబడి తోకదాకా నడిపించారు, తర్వాత స్తు కింద తవత్తు తడిమారు. ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

శ్రీరస్తు శుభమస్తు, స్వాగతం, అన్నప్రాశన, ఈ మూడు మాటలకీ యూనియన్ చేసి, ఆఫ్‌సెట్ కూడా తీసి పెట్టుకున్న ఫైళ్ళు నా దగ్గర ఉన్నాయి, ఎస్‌వీజీ, డీఎక్స్ఎఫ్ రెండూ. పక్కన 100 మిల్లీమీటర్ల చతురస్రం కూడా ఉంచాను. కావాల్సినవాళ్ళు ఇక్కడే అడగండి, పంపిస్తాను.